ఎదురుకాళ్ళ డాక్టరు, బీరప్ప కాలు

నేను పుట్టినప్పుడు ముందుగా బయటికి వచ్చినవి నా కాళ్ళు. తల తీరిగ్గా తరువాత వచ్చింది. "వీడు భూమ్మీదికి నడుచుకుంటా వచ్చినాడప్పా" అని మా నాయన ఊరంతా చెప్పుకునేవాడు. మా అనంతపురం వైపు ఎదురుకాళ్ళతో పుట్టినవాడికి ఉద్యోగం పుట్టుకతోనే ఖాయమైపోతుంది. నడుం పట్టుకున్నవాళ్ళు వచ్చి వాడి గుమ్మం ముందు బోర్లా పడుకుంటారు. వాడు కుడికాలితో ఆ వీపును మూడుసార్లు తాకాలి. అంతే, నొప్పి పోతుంది. మెడికల్ కాలేజీ మెట్లు తొక్కడానికి ముందే నేను కొన్ని వందల వీపులు తొక్కాను. శస్త్రవైద్యుణ్ణై తిరిగి వచ్చాక కూడా జనం నా చేతిలోని కత్తిని నమ్మలేదు. కాలినే నమ్మారు. ఆసుపత్రి బోర్డు మీద నా పేరు, డిగ్రీలు ఉండేవి. ఊళ్ళల్లో మాత్రం నేను ఎదురుకాళ్ళ డాక్టరునే.

యాభై ఐదేళ్ళు నిండగానే కత్తి పక్కన పెట్టాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, మీ అనుభవాలు రాయండి సార్ అని వెంటపడ్డారు. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఎన్ని ఫైళ్ళు రాశానో చెబితే మీకు నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అవి వదిలేస్తాను.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నేను కత్తితో కోసినవాటికంటే నోటితో కోసినవి ఎక్కువ. మా ఆసుపత్రిలో నీటి కరువు ఎంతదంటే, థియేటర్లో సామాన్లు ఉడికించిన నీళ్ళతో నేల కడిగి, ఆ కడిగిన నీళ్ళనే వాకిట్లోని వేపచెట్టుకు పోసేవాళ్ళం. ఆ నీళ్ళలో కలిసిన ఈథరుకు చెట్టు అలవాటు పడి, ఆపరేషన్లున్న రోజుల్లో మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు వాల్చి నిద్రపోయేది. ఇది నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. ముదిగుబ్బ వైపు కప్పలకు ఈత రాదని కూడా చెప్పాను. ఎక్కడ నేర్చుకుంటాయి పాపం?

ఇక్కడ మాత్రం రెండు వీపుల సంగతి చెబుతాను. ఒకటి తొక్కాను, ఒకటి తొక్కలేదు. నా పని ఏమిటో నాకు నేర్పినవి ఆ రెండే.

రాప్తాడు సుబ్బన్న

1950ల నడుమ. నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒక పొద్దున రాప్తాడు నుంచి సుబ్బన్న అనే బండివాణ్ణి అతని బండిలోనే బోర్లా పడుకోబెట్టి తెచ్చారు. వేరుశనగ మూట బండిలోకి ఎత్తుతూ కూలబడ్డాడట.

"ఏమప్పా, ఏమాయ?" అన్నాను.

"రెండు రెక్కల నడుమ ఎవురో రంపం పెట్టి కోసినట్టాయ సామీ. ఆడ మొదలాయ. ఇప్పుడు నడుములోకి దిగింది. దిగతానే ఉండాది."

పక్కనే ఉన్న అతని అన్న చేతులు జోడించాడు. "నీ కాలు కోసరమే తెచ్చినాము సామీ. రొంత పెట్టు."

వరండా నిండా జనం. నా వయసు, నా చిలిపితనం, అంతమంది చూస్తున్నారన్న హుషారు. నేను కుడి చెప్పు విప్పి, గోడ గడియారం వైపు చూసి, "ఆపరేషన్ మొదలాయ" అని ప్రకటించి, సుబ్బన్న వీపును మూడుసార్లు కాలితో తాకాను. జనం నవ్వారు. నొప్పికి సూది కూడా వేశాననుకోండి. కానీ వాళ్ళకు కావలసింది కాలు, నాకు కావలసింది వాళ్ళ నవ్వు.

సుబ్బన్న తల తిప్పి, "ఎడంకాలు తిమ్మిరెక్కతాంది సామీ. చల్లగయిపోతాంది" అన్నాడు.

"నా కాలు తగిలిందంటే అట్లనే ఉంటాదిలే. సాయంత్రానికి పరిగెత్తుతావు" అన్నాను.

మళ్ళీ నవ్వారు. సుబ్బన్న కూడా, నొప్పిలోనే, మర్యాదకు కాస్త నవ్వాడు.

పొద్దు వాలకముందే చచ్చిపోయాడు.

మా పెద్ద డాక్టరు వరదరాజులుగారు. కల్యాణదుర్గం వైపు మనిషి, ఆసుపత్రికి అధిపతి, నాకు గురువు. ఆయనే శవపరీక్ష చేశారు. నన్ను పక్కన నిలబెట్టుకుని, గుండె నుంచి బయలుదేరి వెన్నెముక పక్కగా కడుపులోకి దిగే పెద్ద రక్తనాళాన్ని, బృహద్ధమనిని, పొడుగునా తెరిచి చూపించారు.

మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, అస్తరు వేసిన కోటును తలచుకోండి. జేబుకు లోపల చిల్లి పడుతుంది. మీరు జేబులో వేసిన చిల్లర జేబులో నిలవదు. కోటుగుడ్డకూ అస్తరుకూ మధ్యకు జారి, ఎక్కడో అడుగున అంచు దగ్గర చేరుతుంది. ఈ ధమనికి కూడా పొరలున్నాయి. లోపలి పొర చినిగితే, గుండె కొట్టిన ప్రతి దెబ్బకూ రక్తం ఆ చినుగులోకి దూరి, పొరలను విడదీసుకుంటూ కిందికి దిగుతుంది. సుబ్బన్న చెప్పింది అక్షరాలా అదే. దిగతానే ఉండాది. అలా దొంగదారి ఉబ్బి అసలుదారిని నొక్కేస్తుంది. ఆ దారిలో ఉన్న కాలికి రక్తం అందదు. కాలు చల్లబడుతుంది. చివరికి పైపొర కూడా పగులుతుంది. సుబ్బన్నకు పగిలింది.

"నా కాలు తగిలినందుకేనా సార్?" అని అడిగాను.

"నీ కాలికి అంత బలం యాడిదప్పా" అన్నారు వరదరాజులుగారు. "పొద్దున మూట ఎత్తినబ్బుడే చినిగింది ఇది. నువ్వు తొక్కినా పోతాండె, తొక్కకున్నా పోతాండె. నేనడిగేది అది కాదు. కాలు చల్లబడిందని వాడు నీకు చెప్పినాడా లేదా?"

"చెప్పినాడు సార్."

"పట్టుకొని చూసినావా?"

నేను నా చెప్పుల వైపు చూశాను.

"నీ చెప్పు విప్పినావు గాని, వాని చెప్పు విప్పించలేదు. అంతే నేను చెప్పేది. పో."

శవాన్ని బండెక్కించుకుంటూ సుబ్బన్న అన్న నాకు దణ్ణం పెట్టాడు. "నువ్వు చేసేది చేసినావులే సామీ. వాని రాత అంతే" అన్నాడు. తిట్టి ఉంటే నేను ఆ రోజే నిద్రపోయి ఉండేవాణ్ణి.

గొర్రె ధమనులు

బాసుల గురించి నన్ను అడుగుతుంటారు. వరదరాజులుగారు భయస్తుడు. కొత్త ఆపరేషన్ అంటే ఆయనకు పడదు. మెచ్చుకోవడం చేతకాదు. కోపమొస్తే చేతిలో ఉన్న పరికరం గోడకు తగిలేది. నేను తెంపరిని. ఒక ఆసుపత్రికి మా ఇద్దరి లాంటివాళ్ళూ కావాలని ఇప్పుడనిపిస్తుంది. కాకపోతే మా ఇద్దర్నీ ఒకే గదిలో భరించిన థియేటర్ సిస్టరు గ్రేసమ్మను తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

సుబ్బన్న పోయిన తరువాత నేను ఆరునెలలు సెలవు పెట్టి, రక్తనాళాలు కుట్టడం నేర్చుకోవడానికి మద్రాసు పోయాను. ఇలా చీలిన ధమనిని కూడా కోసి బాగుచేయవచ్చునని అక్కడ తెలిసింది. ఛాతీలో చినిగిన ముక్కను కోసేసి, గుడ్డతో చేసిన గొట్టం అతకడం ఒక పద్ధతి. దానికి పెద్ద పెద్ద యంత్రాలు, మనుషులు కావాలి. రెండోది మన లాంటి పేదవాళ్ళ పద్ధతి. కడుపు కోసి, కింద ధమనిని తెరిచి, లోపలి పొరకు ఒక కిటికీ పెట్టడం. దొంగదారిలో చిక్కుకున్న రక్తం ఆ కిటికీలోంచి అసలుదారిలోకి వచ్చేస్తుంది. ఛాతీలోని చినుగు అలాగే ఉంటుంది గానీ కాలు బతుకుతుంది. చాలాసార్లు కాలితోపాటు మనిషి కూడా బతుకుతాడు. అలాంటిది ఒకటి నా కళ్ళతో చూశాను.

తిరిగొచ్చాక ప్రతి ఆదివారం మాంసం కొట్టు నుంచి గొర్రె ధమనులు తెప్పించి, థియేటరు పక్క గదిలో కూర్చుని కోయడం, కుట్టడం. కొలతలో గొర్రెదీ మనిషిదీ పెద్ద తేడా లేదు. సన్నని పట్టుదారం ధర్మవరం నేతగాడి దగ్గర పురి విప్పించి తెచ్చుకున్నాను. ధమనిని నలపకుండా పట్టుకునే ఖరీదైన పట్టుకార్లు మా దగ్గర లేవు. మామూలు పట్టుకార్ల పళ్ళకు సైకిల్ వాల్వ్ ట్యూబు తొడిగాను. అంత మెత్తగా పట్టుకునే వస్తువు మద్రాసులోనూ లేదు.

"సార్, ఈ గది కంపు కొడతాంది. పేషెంట్లు ఇది ఆసుపత్రో, కటికంగడో తెలీక ఎనక్కి పోతాండారు" అని గ్రేసమ్మ గొడవ.

ఎదురుకాళ్ళ డాక్టరు గొర్రె గుండె నరం తిని బలం తెచ్చుకుంటున్నాడని ఊళ్ళో పుకారు లేచింది. ఆ ముక్కకు ఎంత గిరాకీ పెరిగిందంటే, కొన్ని ఆదివారాలు నాకే దొరకలేదు. ఇది సగం నిజం.

ముదిగుబ్బ నుంచి వచ్చిన మనిషి

అరవైల్లో, వరసగా వానలు మొహం చాటేసిన ఒక ఏడు. ఆసుపత్రి బావి అడుగు కనిపిస్తోంది. పొద్దున తొమ్మిదింటికి ముదిగుబ్బ బస్సు నేరుగా మా వాకిట్లోకి వచ్చి ఆగింది. బస్సును ఆసుపత్రిలోకి తోలించిన మనిషి ముందు దిగింది. ఆమె పేరు ఓబుళమ్మ. వెనకే పదిమంది మగవాళ్ళు, ఒక గొర్రెబొచ్చు కంబడిలో ఆమె మొగుడు బీరప్పను మోసుకుంటూ దిగారు. నలభై ఏళ్ళ గొర్రెల కాపరి. తుమ్మమొద్దు లాంటి మనిషి. బోర్లా పడుకుని కంబడి అంచు కొరుకుతున్నాడు.

"తెల్లారతానే గొర్రెను ఎత్తబోయి కూలబడినాడు సామీ మా ఆయప్ప" అంది ఓబుళమ్మ. "ఊర్లో వాత పెడతామనిరి. నేనే వద్దంటి. ఎదురుకాళ్ళ డాక్టరు ఉండాడు గదా, ఆయప్ప కాలు పెడితే సాలు అని తెచ్చుకుంటి. బిరీన పెట్టు."

బంధువులు అప్పుడే బీరప్ప వీపు మీది గుడ్డ తీశారు. జనం గుమిగూడారు. అదే వరండా. గోడ మీద అదే గడియారం.

"నొప్పి యాడ మొదలాయ బీరప్పా?"

"రెక్కల నడుమ. ఇప్పుడు నడుములో ఉండాది. చీలుస్తా దిగతాంది సామీ."

నేను చెప్పులు విప్పలేదు. నేల మీద కూర్చుని, అతని కిర్రుచెప్పులు రెండూ నా చేత్తోనే విప్పాను. కుడి పాదం మీద వేళ్ళు పెట్టాను. నాడి టకటకా కొడుతోంది. ఎడమ పాదం పట్టుకున్నాను. కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. నాడి లేదు. గజ్జలో చూశాను. అక్కడా లేదు.

"కాలు ఎబ్బుడు చల్లబడింది?"

"బస్సులో" అంది ఓబుళమ్మ. "రొంత సేపాయ. యాలకు సామీ? కాలు పెట్టేదాని బదులు కాలు పట్టుకుంటివే?"

నొప్పికీ, రక్తపోటు తగ్గడానికీ సూదులు వేయించాను. సర్పగంధ వేరు నుంచి తీసిన మందు అప్పట్లో మాకు దొరికేది. ఆ మందు లేకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆ తరువాత పెద్ద డాక్టరు గదిలోకి పరిగెత్తాను.

"సార్, బృహద్ధమని చీలింది. కడుపు కోసి కిటికీ పెట్టాల."

వరదరాజులుగారు కాగితం మీది నుంచి తల ఎత్తలేదు. "ముదిగుబ్బ కప్పలకు ఈత రాదంటివే, ఇదీ అట్లాటిదేనా?"

అబద్ధాలు చెప్పేవాడికి పడే శిక్ష ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు చేతిలో నిజం తప్ప ఇంకేమీ ఉండదు. ఆయన చెయ్యి పట్టుకుని, ఇంచుమించు ఈడ్చుకుంటూ, వరండాలోకి తెచ్చాను. ఆ చేతిని బీరప్ప కుడి పాదం మీద పెట్టాను. తరువాత ఎడమ పాదం మీద. ఆయన మళ్ళీ కుడిది చూశారు. మళ్ళీ ఎడమది. లేచి నిలబడి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మద్రాసుకు పంపు."

"రైలు సాయంత్రం సార్. చేరేది రేపు పొద్దున. ఆరు గంటలు నెత్తురు అందకపోతే కాలు చచ్చిపోతాది. ఇప్పటికే గంట అయిపోయింది."

"అయితే కాలు తీసేద్దాం. మనిషన్నా దక్కుతాడు."

ఈ మాట ఓబుళమ్మ చెవిన పడింది. ఆమె వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. "కాలు లేని కాపరి యాడన్నా ఉండాడా సామీ? గొర్రెలు ఆయప్ప కోసరం నిలబడతాయా? కాలు తీసేటట్టయితే ఈ కంబడిలోనే ఎత్తుకొని పోతాము."

వరదరాజులుగారు నా వైపు తిరిగారు. "ఇట్లాటివి ఎన్ని చేసినావు నువ్వు?"

నా నోట్లో పది జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాన్ని మించి ఒకటి. కానీ వేళ్ళకు ఇంకా ఆ కాలి చల్లదనం అంటుకునే ఉంది.

"మనుషులకు ఒకటీ లేదు సార్. మద్రాసులో ఒకటి చూసినా. గొర్రెలవైతే లెక్క లేకుండా కుట్టినా."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఇన్నేళ్ళలో నువ్వు కోయకుండా చెప్పిన మాట ఇదొకటే. పద. నేను నీకు ఎదురుగా నిలబడతా."

నెత్తురూ, నీళ్ళూ

ఓబుళమ్మకు చెప్పాను. కాలు పెట్టడం లేదని, కడుపు కోయాలని, బల్ల మీదే చచ్చిపోవచ్చునని కూడా.

"నడుము నొప్పికి కడుపు కోస్తావా?" అంది. వెనక బంధువుల్లో ఒకడు "ఇదేమి సోద్యమప్పా" అన్నాడు.

"బొంతలో పైగుడ్డకూ లోపలి గుడ్డకూ నడుమ ఎలక దూరితే ఏమయితాది? తిరిగి తిరిగి ఉబ్బెత్తుగా చేస్తాది గదా. మీ ఆయప్ప నెత్తుటి గొట్టంలో అట్ల నెత్తురే దూరింది" అన్నాను.

ఓబుళమ్మ చెంగు నడుముకు దోపింది. "అయితే లోపలి గుడ్డకు చిల్లి పెట్టి దాన్ని బయటికి తరుము. ఈ మాత్రానికి ఇంతసేపు మాట్లాడతారా?"

ఆ ఆపరేషన్‌ను అంత క్లుప్తంగా వివరించినవాళ్ళను నేను మద్రాసులో కూడా చూడలేదు.

ఇక రక్తం. కనీసం నాలుగు సీసాలు కావాలి. ఆ మాట అనగానే పదిమంది మగవాళ్ళలో ఆరుగురు వేపచెట్టు వెనక్కి పోయారు. నెత్తురిస్తే మగతనం పోతుందని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. ఉన్ని కత్తిరిస్తే గొర్రెకు మళ్ళీ వస్తాది గదా, ఇదీ అంతే అని చెప్పి చూశాను. వినలేదు. అప్పుడు నాలోని పాత చిలిపివాడు లేచాడు. వరండా మెట్టు మీద నిలబడి గట్టిగా అన్నాను:

"సీసా నెత్తురు ఇచ్చినోని వీపు మీద నా కాలు పెడతా. మూడు తాకుళ్ళు."

వేపచెట్టు వెనక గుసగుసలు. బీరప్ప అన్న ముందు బయటికి వచ్చాడు. "నాది శానా దినాల నొప్పి సామీ."

"నాకూ మూటలెత్తి మూటలెత్తి నడుము ఇడిసిపోయింది" అంటూ ఇంకొకడు.

"రేయ్, నీకు నడుము నొప్పి ఎబ్బుడు వచ్చెరా?"

"ఇప్పుడే వచ్చె. నీకేమి?"

మా మస్తాన్‌కు మూడు ఉద్యోగాలు, ఒక జీతం. ఎక్స్‌రే తీసేది, రక్తం పరీక్షించేది, ఆపరేషన్‌కు ఈథరు ఇచ్చేది అతనే. బీరప్ప రక్తంతో కలిసే ఐదుగురిని ఏరాడు. నేను ఆ ఐదుగురి చెప్పులూ విప్పించి, కాళ్ళ నాడులు పదీ పట్టుకుని చూసి, అప్పుడు కాలు పెట్టాను. గ్రేసమ్మ చూస్తూ నిలబడింది.

"మీరు డాక్టరా సార్, సామి పట్టినోరా?"

"ఈ పూట రెండూ. సామాన్లు ఉడికినాయా?"

"దేంతో ఉడికించాల? రెండు బిందెలే ఉండాయి. సామాన్లు ఉడికిస్తే మీరు చేతులు కడుక్కునేదానికి లేవు. ముందు ఆ కాలు కడుక్కోండి."

నెత్తురు కలవని ఐదుగురూ, వాళ్ళ ముందు ఓబుళమ్మా, బిందెలు పట్టుకుని రైలు స్టేషన్‌కు పోయారు. అక్కడ ఇంజన్లకు నీళ్ళు పడతారు. ఆమె అక్కడ ఏం మాట్లాడిందో నాకు తెలియదు. గుంతకల్లు బండి మాత్రం దాహంతో పావుగంట ఆగిందని చెప్పారు. బిందెలు నిండుగా వచ్చాయి.

కిటికీ

పదకొండున్నరకు కత్తి పెట్టాను. మస్తాన్ తలదగ్గర ఈథరు చుక్కలు వేస్తూ బీరప్ప ఊపిరి లెక్కపెడుతున్నాడు. ఎదురుగా వరదరాజులుగారు. నా పక్కన గ్రేసమ్మ. పేగులు పక్కకు తప్పించి వెన్నెముక ముందు భాగానికి చేరాను. ధమని కనిపించింది. నిగనిగలాడే తెల్లని గొట్టంలా ఉండాల్సింది నేరేడుపండు రంగులో ఉబ్బి ఉంది. గ్రేసమ్మ "ప్రభువా" అంది. వరదరాజులుగారు పేగుల మీది తడిగుడ్డను ఇంకోసారి సర్దారు. ఆయన అక్కర్లేని పని చేశారంటే భయపడ్డారని అర్థం.

సైకిల్ ట్యూబు తొడిగిన పట్టుకారు పైన ఒకటి, కింద రెండు. మెల్లగా బిగించాను. గొట్టాన్ని అడ్డంగా కోశాను. నల్లని రక్తం, గడ్డలు. తుడిచి చూస్తే లోపల ఇంకొక గోడ. గుడ్డులో పొర లాంటిది, పాలమీగడ రంగుది. దొంగదారి దాన్ని ఒక మూలకు నెట్టి చప్పిడి చేసేసింది. ఆ పొర వెనక నలిగిపోయి ఉన్నది బీరప్ప అసలుదారి.

పొరను పట్టుకుని కత్తెరతో కిటికీ కోశాను. బొటనవేలి గోరంత కాదు, బొటనవేలంత. పిరికిగా కోస్తే మూసుకుపోతుందని మద్రాసులో చెప్పారు. కింది భాగంలో పొర మళ్ళీ జారిపోకుండా, అస్తరును గుడ్డకు కుట్టినట్టు, పట్టుదారంతో చుట్టూ కలిపి కుట్టడం మొదలుపెట్టాను. నాలుగో కుట్టు దగ్గర దారం గట్టిగా లాగాను. పొర తడి కాగితంలా చినిగింది.

చెయ్యి ఆగిపోయింది. చెమట కళ్ళల్లోకి దిగుతోంది.

"గొర్రెది కాదప్పా" అన్నారు వరదరాజులుగారు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఆ మాట అన్నది ఆయనేనా అని తల ఎత్తి చూశాను. "మనిషిది. మెల్లగా కుట్టు. నేను పట్టుకోనుండా."

ఆరోగ్యమైన గొర్రె ధమని మీద ఎన్ని ఆదివారాలు కుట్టినా, జబ్బుపడిన మనిషి ధమని మీద కుట్టడం రాదు. ఇది మీరు రాసుకోండి. మళ్ళీ వేశాను. దారాన్ని లాగలేదు, ఆనించాను అంతే. కుట్టు నిలిచింది. చుట్టూ పూర్తిచేసి, గొట్టం మూశాను.

కింది పట్టుకార్లు వదిలాను. తరువాత పైది, కొంచెం కొంచెంగా. కుట్ల సందుల్లోంచి రక్తం చిమ్మింది. గుడ్డ వేసి అదిమి పట్టుకున్నాను. గ్రేసమ్మ ఆ ఐదు నిమిషాల్లో తనకు తెలిసిన ప్రార్థనలన్నీ చదివి, అవి అయిపోతే మళ్ళీ మొదటి నుంచి చదివింది. గుడ్డ తీశాను. చిమ్మడం ఆగింది. గొట్టం నా వేలి కింద ఎగిరింది.

కానీ కాలు? కాలు దుప్పట్ల కింద ఉంది. నా చేతులు, గ్రేసమ్మ చేతులు శుభ్రం చేసినవి, కిందికి పెట్టకూడదు. మస్తాన్ తల వదిలి రాకూడదు. వరదరాజులుగారు చేతి తొడుగులు లాగేశారు. ఆ పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మనిషి, నేల మీద మోకరించి దుప్పటి కిందికి దూరారు. మాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది.

నేను నా జీవితంలో చెప్పిన కోతలన్నీ వాపసు తీసుకుంటానని మనసులో మొక్కుకున్నాను.

"ఏమి సార్?" అంది గ్రేసమ్మ, ఆగలేక.

"గమ్మునుండు" అంది దుప్పటి.

తరువాత, నేను ఆయన నోట ఎప్పుడూ విననంత పెద్ద కేక:

"కొడతాంది! కొడతాందిరా!"

దుప్పటి కింది నుంచి బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళజోడు లేదు. అది ఆ కిందే పడిపోయింది. దాన్ని ఆయనే తొక్కారు. ఇరవై ఏళ్ళుగా వస్తువులు గోడకేసి కొట్టిన మనిషి పగిలిన కళ్ళజోడు చేత్తో పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. బయట తలుపు సందులోంచి ఓబుళమ్మ గొంతు: "ఎలక పోయిందా సామీ?"

"పోయిందమ్మా" అన్నారు వరదరాజులుగారు. ఏ ఎలక అని ఆయన అడగలేదు.

వరండా

తరువాత అదే ఆపరేషన్ ఇంకో ఇద్దరికి చేశాను. ఒకరు దక్కారు, ఒకరు దక్కలేదు. ఎప్పుడూ గెలిచానని చెబితే అది నా కోతల్లో చేరుతుంది. బీరప్ప ఛాతీలోని చినుగు అలాగే ఉంది. ఆ సర్పగంధ మందు మానకూడదని, బరువు ఎత్తకూడదని ఓబుళమ్మకు అప్పజెప్పి పంపాను. ఆమెకు చెబితే చాలు, మొగుడు గొర్రెపిల్లను కూడా ఎత్తలేదు.

ఆరు నెలలకు, మొదటి వాన పడిన వారంలో, ఒక పొద్దున మా వాకిట్లోకి గొర్రెలు వచ్చాయి. ముందురోజు ఆపరేషన్ల మత్తు ఇంకా దిగని వేపచెట్టు ఆకులు అందినంతవరకూ తినేశాయి. వాటి వెనక బీరప్ప. బస్సులో కాదు. ముదిగుబ్బ నుంచి మేపుకుంటూ, మూడు రోజులు నడిచి వచ్చాడు. పక్కన ఓబుళమ్మ.

వరండా నిండా రోగులు. నేను బయటికి రాగానే బీరప్ప దణ్ణం పెట్టబోయాడు. ఆపి, మెట్టు మీద కూర్చోమన్నాను. చెప్పకుండానే కిర్రుచెప్పులు రెండూ విప్పి పక్కన పెట్టి, కాళ్ళు చాపాడు. నేను కింద నేల మీద కూర్చుని ఆ రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకున్నాను. మూడు రోజుల దుమ్ము. పగుళ్ళలో మట్టి. జనం దగ్గరికి జరిగారు. డాక్టరు కాపరి కాళ్ళ దగ్గర కూర్చోవడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు.

"చూసినారా" అంది ఓబుళమ్మ అందరితో. "ఈయప్ప కాలు మా ఆయప్ప వీపున పెట్టమంటే పెట్టకపోయె. మా ఆయప్ప కాళ్ళు ఈయప్ప పట్టుకునె."

జనం నవ్వారు. అదే వరండాలో, చాలా ఏళ్ళ కిందట, ఇంకొక పొద్దున నవ్వినట్టే. ఒక చక్కని కోత కోయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నా నోటికి ఒక్కటీ రాలేదు. కళ్ళు మూసుకున్నాను. ఎడమ పాదం వెచ్చగా ఉంది. నా వేళ్ళ కింద రెండు నాడులూ, ఒక కాడికి కట్టిన ఎడ్ల జతలా, ఒకే అడుగు వేస్తూ పోతున్నాయి.